ఎర్రరంగు కింద దీపపు గుంజ

మొన్న మా పక్కింటి కోడలు నన్ను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి తన ఫోనులో ఒక ఫోటో తీసింది. తీసి అక్కడితో ఊరుకోలేదు. నా వెనకనున్న బట్టల దండేన్నీ, బోర్లించిన ఇడ్లీ పాత్రనూ, గోడవారగా ఉన్న గ్యాసుబండనూ వేలితో అటూ ఇటూ రుద్దేసరికి అవన్నీ మాయమైపోయి, తెల్లటి గోడ ముందు నేనొక్కదాన్నే పెళ్ళిచూపులకు సిద్ధమైనదానిలా మిగిలాను. ఎంత నీట్‌గా ఉందో చూడండి పిన్నిగారూ అని మురిసిపోతూ చూపిస్తే, బాగుందనే అన్నాను. తను అరనిమిషంలో చేసిన పనిని పదకొండేళ్ళపాటు కుంచెతో చేసి పొట్టపోసుకున్నదాన్ని నేనని, ఆ పని తాలూకు బరువేమిటో కిందటేడు గాని నాకు తెలిసిరాలేదని ఆ పిల్లకేం తెలుసు.

నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఫోటో అంటే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి తలంటి పోసుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునే వ్యవహారం. తెనాలిలో మా మేనమామకు ఒక స్టూడియో ఉండేది. ముందు గదిలో ఒక బెంచీ, దువ్వెన, పౌడరు డబ్బా, ఎవరికి తొడిగినా కాస్త వదులుగానో కాస్త బిగువుగానో సరిపోయే ఒక నల్ల కోటు. లోపలి గదిలో కొండలూ హంసలూ వేసిన తెర, దాని వెనక చీకటి గది, ఆ చీకటి గదికీ పెరటికీ మధ్య ఉత్తరపు కిటికీ కింద నా బల్ల. మా నాన్న పోయి, నా చదువు మధ్యలో ఆగిపోయి, ఇంటి ముందు ముగ్గులు పెట్టుకుంటూ కాలక్షేపం చేస్తున్న నన్ను చూసి, ముగ్గులో గీత వణకని పిల్ల చేతికి కుంచె ఇస్తే తప్పేముందని మా అమ్మను ఒప్పించి తీసుకెళ్ళింది మా మామయ్యే. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు.

నా బల్ల ఏటవాలుగా ఉండేది. మధ్యలో అద్దం పలక, కింద ఇంకో అద్దం. కిటికీ వెలుతురు కింది అద్దం మీద పడి పైకి కొట్టేది. ఆ వెలుతురు మీద నెగటివ్‌ను పెట్టి, గరుకు కాగితం మీద సూదిమొనలా అరగదీసిన పెన్సిలుతో మొహాల మీది మచ్చలూ ముడతలూ సరిచేయడం నా పని. నెగటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది కదా, నల్ల జుట్టు తెల్లగా, తెల్లటి ఆకాశం నల్లగా. మొదట్లో దయ్యాలను చూసినట్టు ఉండేది గానీ, ఏడాది తిరిగేసరికి మనుషులను నెగటివ్‌లోనే గుర్తుపట్టి, బజార్లో ఎదురుపడితే గుర్తుపట్టలేని స్థితికి వచ్చాను. తెనాలి చుట్టుపక్కల ఆ కాలపు పెళ్ళికొడుకుల పటాల్లో ఒక్క స్ఫోటకం మచ్చ కూడా కనపడదంటే అందులో నా చెయ్యి చాలా ఉంది.

పెన్సిలు పని కాక ఇంకొకటి ఎర్రరంగు పని. ఇటుక ముక్కను నూరినట్టుండే ఆ రంగును నీళ్ళతో కలిపి, నెగటివ్ మీద మనిషి అంచు చుట్టూ సన్న కుంచెతో గీసి, మిగతాదంతా లావు కుంచెతో నింపేస్తే, ఆ మేర వెలుతురు దిగదు. కాగితం మీద అచ్చు తీసేసరికి మనిషి ఒక్కడే నిలబడతాడు, వెనకంతా తెల్లటి తెలుపు. కుంచె మొన కుదరడానికి పెదాల మధ్య పెట్టి లాగేదాన్ని. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు పెదాలు ఎర్రగా ఉంటే, ఈ పిల్ల రోజూ తాంబూలం ఎక్కడ వేసుకొస్తుందని వీధిలో ఆడవాళ్ళు ఆరా తీసేవాళ్ళు.

ఫోటోలో మనిషి ఉండాలి గానీ ఊరెందుకు అనేది మా మామయ్య ఊతపదం. ఆయననే అని ఏం లాభం, వెనకనున్నదాన్ని చూస్తే అప్పట్లో అందరికీ నామోషీయే. ఇంటి దగ్గరో పొలం దగ్గరో ఫోటో తీయించుకున్నవాళ్ళు స్టూడియోకి వచ్చి గొంతు తగ్గించి అడిగేవాళ్ళు, ఆ పాక కనపడకుండా చెయ్యమ్మాయ్, ఆ పిడకల గోడ తీసెయ్యి, ఆ గేదె తోక రాకుండా చూడు అని. నేను తీసేసేదాన్ని. ఇటు రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా ఎన్ని తాటాకు పాకలు, ఎన్ని వాములు, ఎన్ని మగ్గాలు, ఎన్ని బల్లకట్లు నా ఎర్రరంగు కింద కప్పబడిపోయాయో నాకే తెలియదు. ఎంత శుభ్రంగా తుడిస్తే అంత మంచి పనిమంతురాలినని పేరు, ఆ పేరుకు పొంగిపోయిన వయసు.

మా మామయ్య ఈ పనిలో ఒక్క నియమం మాత్రం పెట్టాడు. ఎర్రరంగును నెగటివ్ వెనకవైపు, అంటే నున్నగా మెరిసే వైపే వెయ్యాలి, బొమ్మ ఉన్న వైపు వెయ్యకూడదు. ఎందుకంటే రేపు ఎవరైనా మనసు మార్చుకుంటే తడిగుడ్డతో తుడిచి బొమ్మను మళ్ళీ బయటికి తేవచ్చు. ఆ నియమం విలువ నాకు ఒకసారి కాకుమాను రైతు ఒకాయన వల్ల తెలిసొచ్చింది. ఆయన కళ్ళంలో ఎడ్ల జతతో తీయించుకున్న ఫోటోలో వెనకనున్న వామును నేను శుభ్రంగా తీసేస్తే, ఆయన పటాన్ని చంకలో పెట్టుకుని అంత దూరం నుంచి వచ్చి గొడవపెట్టుకున్నాడు. తన ఎద్దులు గాల్లో నిలబడ్డాయేంటని, ఆ ఏడు పండిన పంటంతా ఆ వాములో ఉంటే దాన్నెందుకు తీసేశారని. మా మామయ్య ఆయనకు కాఫీ తెప్పించి, తాగేలోపు దూదితో రంగు కడిగేసి వామును తిరిగి ఇచ్చేశాడు. అందరూ ఆ రైతులాగా దెబ్బలాడి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

అప్పుడప్పుడు మా మామయ్య కెమెరా పెట్టె, మూడుకాళ్ళ స్టాండు సర్దుకుని రేపల్లె బండెక్కి, అక్కడి నుంచి బస్సులో నిజాంపట్నం వైపు వెళ్ళేవాడు. కొత్త పడవ దించినప్పుడు పడవతో సహా ఫోటో తీయించుకోవడం అక్కడ కాస్త కలిగినవాళ్ళకు సరదా. ఆయన వెళ్ళొచ్చిన మర్నాడు నెగటివ్‌లు నా బల్ల మీదికి వచ్చేవి. నేను మాత్రం ఆ పదకొండేళ్ళలో ఒక్కసారీ సముద్రం దగ్గరికి వెళ్ళలేదు. చూడని ఊళ్ళను తుడిచేయడం సులువని అప్పుడు తోచలేదు. తరవాత పెళ్ళయి పని మానేశాను. ఇంకొన్నేళ్ళకు మా మామయ్య పోయాడు, స్టూడియో మూతపడింది. నెగటివ్‌లు పాత సామాన్లవాడికి వేస్తామంటే ప్రాణం ఒప్పక రెండు ఇనప్పెట్టెల నిండా నేను తెచ్చుకున్నాను. మా ఆయన ఉన్నన్నాళ్ళూ, ఊళ్ళో వాళ్ళ మొహాలన్నీ మన మంచం కిందే ఉన్నాయని ఎగతాళి చేసేవారు.

ఇక కిందటేటి సంగతి. రేపల్లె బడిలో పంతులమ్మగా చేస్తున్న మా మేనకోడలు, తన స్నేహితులు నలుగురితో కలిసి ఒక పని మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం ఒక ఊరికి వెళ్తారు. ఇంట్లో ఉన్న పాత ఫోటోల్లో ఊరు కనిపించేవి ఏమైనా ఉంటే తెమ్మని అడుగుతారు. ఆ ఫోటో తీసిన చోటును ఇంటివాళ్ళే వెతికి పట్టుకోవాలి. అదే చోట, అదే తీరున నిలబడితే, వాళ్ళ ఇంట్లోవాళ్ళే ఎవరో ఒకరు తమ ఫోనులో కొత్త ఫోటో తీస్తారు. చివరికి అన్ని ఊళ్ళవీ, పాతదీ కొత్తదీ పక్కపక్కన, రేపల్లె బడి వరండాలో వేలాడదీసి అందరినీ పిలుస్తారు. నా చేతిరాత బాగుంటుందని, పటాల కింద రాసే మాటలు నువ్వే రాయాలత్తా అంటూ నన్నూ ఇందులోకి లాగింది. కాదనలేదు, ఊరికే ఇంట్లో కూర్చుని చేసేదేముంది కనుక.

పటాలు తెచ్చివ్వడానికి ఆఖరి ఆదివారం ఆ వరండా అంతా తిరునాళ్ళలా ఉంది. చేబ్రోలు నుంచి ఒకాయన గుడి పాత మంటపం స్తంభానికి ఆనుకుని తన తాత కుస్తీ భంగిమలో నిలబడ్డ ఫోటో తెచ్చాడు. బాపట్ల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరు తమ పెంకుటింటి అరుగు ఫోటో తెచ్చి, ఆ అరుగుకు మెట్లు మూడా నాలుగా అని అక్కడే వాదించుకున్నారు. నేనొక మూల కూర్చుని చూస్తుంటే మెల్లగా ఒక సంగతి నాకు తట్టింది. ఎవరూ మొహాలు చూడడం లేదు. మొహాలు అందరికీ తెలిసినవే. అందరూ భుజాల పైనుంచి, చెవుల పక్కనుంచి వెనక్కి చూస్తున్నారు, అదిగో బావి, అదిగో మన చింతచెట్టు, అదిగో పాత వంతెన అని వేలు పెట్టి చూపించుకుంటున్నారు. నేను జీవితమంతా చెత్త అనుకుని తీసిపారేసినదాని కోసం ఇంతమంది బస్సులెక్కి వచ్చారు. నా గుండె కాస్త బరువెక్కింది, అయినా కలం పట్టుకుని రాసుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం నిజాంపట్నం దగ్గర పల్లె నుంచి ఒక ఆవిడ వచ్చింది. నాకంటే అయిదారేళ్ళు చిన్నది, ఎండకు నల్లబడిన మొహం, చేపల బుట్టలు మోసి మోచేతుల దాకా గట్టిపడ్డ చేతులు. వెంట కూతురి కొడుకు, మరపడవల మీద వెళ్ళే పాతికేళ్ళ కుర్రాడు. తువ్వాలులో చుట్టి తెచ్చిన పటం విప్పింది. అందులో ఆమె తల్లి నిలువెత్తున నిలబడి ఉంది, కుడిచెయ్యి తలకంటే పైకెత్తి పిడికిలి బిగించి. వెనక ఏమీ లేదు, అంతా తెలుపు. ఆ పిడికిలిని చూపిస్తూ మనవడు ఉత్సాహంగా కథ చెప్పాడు. ఒక తుఫాను ఏట పడవలు తిరిగిరాకపోతే, తన తాతమ్మ ఒడ్డున నిలబడి సముద్రాన్ని పిడికిలి చూపించి అదిలించిందట, సముద్రం భయపడి పడవలన్నీ ఒడ్డుకు చేర్చిందట. ఇప్పుడు వాళ్ళ వీధిలో పిల్లలు కూడా పడవెక్కే ముందు ఆ పటంలోని పిడికిలికి దణ్ణం పెట్టి వెళ్తారట. మా మేనకోడలికి అది తెగ నచ్చి, సముద్రాన్ని అదిలించిన తాతమ్మ అని పటం కింద రాయమని నాకు చెప్పింది.

నేను కలం తీయగానే ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"అది రాయొద్దక్కా. సముద్రం మాకు తల్లి. తల్లిని ఎవరన్నా అదిలిస్తారా? మా అమ్మ పట్టుకుంది తాడు. దీపం తాడు."

తరవాత నింపాదిగా చెప్పుకొచ్చింది. కాలవ సముద్రంలో కలిసేచోటును వాళ్ళు మొగ అంటారు. ఆ మొగ దగ్గర ఒక పొడుగాటి తాటిమాను పాతి, దాని కొసన కప్పీ బిగించి, తాడుతో లాంతరును పైకి లాగే ఏర్పాటు ఉండేదట. దాన్ని దీపపు గుంజ అనేవాళ్ళట. సముద్రం మీద పడవ ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళు వంతులు వేసుకుని, ఇంటింటికీ గిద్దెడు చొప్పున పోగుచేసిన కిరసనాయిలు పోసి, పొద్దు వాలేవేళకు దీపం ఎత్తేవాళ్ళట. ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో ఎవరితో మాటలు లేకపోయినా వంతు తప్పకూడదు, ఎందుకంటే దీపం ఒక పడవకు కాదు, అన్ని పడవలకూ. ఫోటో తీసే ఆయన కొత్త పడవ ఫోటోకని వచ్చినప్పుడు, గుంజతో పాటయితేనే నిలబడతానని పట్టుబట్టి తన తల్లి ఆ తాడు పట్టుకుని నిలబడిందట. తీరా పటం వచ్చేసరికి గుంజా లేదు, తాడూ లేదు. ఆ తరవాత వచ్చిన ఉప్పెనకు నిజంగా గుంజ కూడా కొట్టుకుపోయిందట.

అక్కడే ఉన్న వాళ్ళ పల్లె పెద్దాయన ఒకాయన, అలాంటి గుంజ ఏదీ తనకు గుర్తులేదని, వలలు ఆరేసుకునే గుంజలను చూసి చిన్నతనంలో ఏదో అనుకుని ఉంటుందని మెల్లగా అన్నాడు. మనవడు కూడా, అమ్మమ్మా, పటంలో లేనిదాన్ని ఉందంటే ఎవరు నమ్ముతారని నవ్వాడు. ఆవిడ వాదించలేదు. అదిలించిందని రాసేటట్టయితే పటం నాకిచ్చేయండి, ఇంటికి తీసుకుపోతానంది. అందరూ దణ్ణం పెట్టే ఆ పటంలో తన తల్లి గంగమ్మతల్లి మీద చెయ్యెత్తిన మనిషిగా మిగిలిపోవడం ఆమెకు తలకొట్టేసినట్టుంది. మా మేనకోడలు బతిమాలి, వచ్చే ఆదివారం దాకా పటం అత్తయ్య దగ్గరే ఉంటుంది, కింద ఏమీ రాయం, అప్పటికి ఆలోచిద్దామని సర్దిచెప్పి పంపింది.

నేను మాత్రం ఆమె వెళ్ళేదాకా తలెత్తలేదు. జుట్టు చుట్టూ ఆ అంచు గీసిన తీరు చూడగానే నాకు అనుమానం వచ్చింది. ముగ్గు గీత లాగా ఎక్కడా తెగకుండా తిప్పిన ఆ గీత ఎవరిదో నాకు తెలుసు. పటం తిరగేసి చూస్తే వెనక పెన్సిలుతో వేసిన నంబరు, నా చేతిరాతే. అవతల ఆవిడ మాటను పదిమంది కొట్టిపారేస్తుంటే, నిజమని చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని పక్కనే కూర్చుని నోరు విప్పలేదు. సిగ్గో భయమో, ఈ వయసులో ఈ తద్దినం ఎందుకన్న బద్ధకమో, ఏదయితేనేం. తెనాలి బండిలో ఆ పటాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆ పిడికిలి నన్నే అదిలిస్తున్నట్టనిపించింది.

మర్నాడు పనిమనిషిని సాయం పట్టమని ఇనప్పెట్టెలు బయటికి లాగించాను. చెమ్మకు అతుక్కుపోయినవి కొన్ని, పురుగు కొట్టినవి కొన్ని. నంబరు వరస పట్టుకుని వెతికితే మూడోనాటికి దొరికింది. వెన్న కాగితం కవరులో, ఎర్రరంగుతో సహా, చెక్కుచెదరకుండా. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఎర్రదనంలో మనిషి ఆకారం తప్ప ఏమీ కనపడలేదు. ఏటవాలుగా తిప్పి చూశాను, రంగు ఏ వైపు వేశానా అని. అక్కడ నా ప్రాణం కుదుటపడీ పడకుండా అయింది. పెద్ద మేర అంతా మామయ్య చెప్పినట్టు మెరిసే వైపే ఉంది. కానీ తల చుట్టూ, ఎత్తిన చెయ్యి చుట్టూ, ఆ పిడికిలి చుట్టూ సన్నగీత మాత్రం బొమ్మ వైపే వేశాను. మెరిసే వైపు రంగు జారిపోతుంది, సన్నటి అంచు నిలవదు. మామయ్య చూడనప్పుడు నేను చేసే దొంగపని అది, పెళ్ళిళ్ళ రోజుల్లో పని తెమలడానికి అలవాటు చేసుకున్నది. ఇన్నేళ్ళ తరవాత ఆ వైపు నీళ్ళు తగిలిస్తే రంగుతో పాటు బొమ్మ కూడా లేచిరావచ్చు. ఆ సన్నగీతను ముట్టుకోకపోతే గుంజ కనిపిస్తుంది గానీ, చేతిలో తాడు కనిపించదు. తాడు లేకపోతే గుంజ పక్కన నిలబడి కూడా ఆమె సముద్రాన్ని అదిలిస్తూనే ఉంటుంది.

మా మేనకోడలికి ఫోను చేసి అంతా చెప్పేశాను. అది, ముందు ఆ నెగటివ్‌ను ఉన్నదున్నట్టు ఫోటో తీసి పెట్టుకుందామని, ఆవిడను తాను తీసుకొస్తానని అంది. శుక్రవారం సెలవు పెట్టుకుని తీసుకొచ్చింది. ఎండవేళ వచ్చారు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, చుట్టూ తిప్పకుండా, ఆ గుంజను తుడిచింది నేనే చెల్లెమ్మా, కరెంటు స్తంభం అనుకున్నాను అని చెప్పాను. వెంటనే, ఈ వయసులో అమాయకత్వం నటించడమెందుకని, నిజానికి అదేమిటని ఆలోచించనే లేదని కూడా చెప్పాను. ఆమె కోపగించుకుంటే హాయిగా ఉండేది.

"అయితే గుంజ ఉన్నట్టేగా అక్కా," అంది.

ఈ నాలుగైదు రోజులూ నేను మోసింది నా తప్పును, ఇన్నేళ్ళూ ఆమె మోసింది ఎవరూ నమ్మని మాటను. రంగు ఏ వైపు ఉందో, తడి తగిలిస్తే బొమ్మలో చెయ్యి పోయే ప్రమాదం ఉందని కూడా దాచకుండా చెప్పి, ఇది నీ తల్లి బొమ్మ, కడగమంటేనే కడుగుతానన్నాను. ఆమె నెగటివ్‌ను ముట్టుకోకుండా, ఎర్రటి ఆ ముద్దలో ఎక్కడో ఉన్న పిడికిలి వైపు చూసి చెప్పింది.

"కడుగక్కా. మా అమ్మ చెయ్యి జాగ్రత్త."

పాత బల్ల లేదు కనుక కిటికీ అద్దం మీదే పని కానిచ్చాను. మెరిసే వైపు రంగు తడిదూదికి కరిగి, గోరింటాకు కడిగిన నీళ్ళలా కారిపోయింది. ముందు ఆకాశం, దానిలో నిలువునా ఒక గీత, కింద ఏవో పాకల కప్పులు. ఆ తరవాత అసలు సంగతి. కుంచెను తడిపి, విదిలించి, దాదాపు పొడిగా చేసి, రోమం కొసతో ఒక్కొక్క చుక్కే ఎత్తాను. డెబ్భై దాటిన చెయ్యి వణకకూడదని పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. జుట్టు దగ్గర రంగు వచ్చేసింది. మోచెయ్యి దగ్గర వచ్చేసింది. పిడికిలి దగ్గర చిటికెనవేలి పక్కన రంగుతో పాటు ఆవగింజంత బొమ్మ కూడా లేచి కుంచె వెంట వచ్చేసింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. పోనీలే, చాలా మిగిలిందని ఆమే ధైర్యం చెప్పింది, నేను చెప్పవలసిన మాట.

ఆరాక మా మేనకోడలు దాన్ని కిటికీ వెలుతురులో ఫోటో తీసి, ఫోనులో నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా తిప్పింది. తిప్పి ఆమె చేతికి ఇచ్చింది. తల్లి పక్కన తాటిమాను, నిటారుగా, బొమ్మ పై అంచు దాకా. సగం ఎత్తులో లాంతరు వేలాడుతోంది. లాంతరు పైనుంచి కప్పీ మీదుగా దిగిన తాడు తిన్నగా వచ్చి ఆ పిడికిలిలోకి చేరింది. కాళ్ళ దగ్గర కిరసనాయిలు డబ్బా. దూరంగా నీళ్ళ మీద రెండు తెరచాపలు. ఆమె ఏడవలేదు, కొంగుతో ఫోను అద్దాన్ని ఒకసారి తుడిచి మళ్ళీ చూసింది. అప్పుడు చెప్పింది, పటం మొదట ఇంటికొచ్చినరోజు, గుంజ ఏదమ్మా అని తానడిగితే తల్లి నవ్వి, గుంజ ఎక్కడికి పోద్దే, మొగ కాడ ఉండనే ఉందిగా, పటంలో లేకపోతే ఏంటి అందని. ఆ మాట విని నేనే కళ్ళు తుడుచుకున్నాను. పాకలూ వాములూ తీసెయ్యమని అడిగినవాళ్ళందరూ, తీసేసిన నేను కూడా, అదే అనుకున్నాం కదా, ఎక్కడికి పోతాయిలే అని.

చిటికెనవేలి దగ్గర బొమ్మ లేచినచోట, ఫోనులో తిప్పిన బొమ్మలో చిన్న నల్లచుక్క పడింది. పాత అలవాటు కొద్దీ నెగటివ్ మీద దాన్ని సరిచేద్దామని కుంచె తీశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కుంచె కడిగి పెట్టేశాను.

పాత పటం పక్కన కొత్తది ఉండాలన్నది నియమం కదా. శనివారం ఆవిడే మమ్మల్ని మొగకు తీసుకెళ్ళింది, జీవితంలో మొదటిసారి నేను ఆ ఒడ్డు చూశాను. వాళ్ళు చెప్పిన మొగ చాలావరకు ఇసకతో పూడిపోయింది. కాస్త అవతలగా మరపడవలు బారులు తీరి ఉన్నాయి, ఎండబెట్టిన చేపల వాసన, నీలంరంగు ప్లాస్టిక్ పెట్టెల గుట్టలు, ఐసు లారీ ఒకటి. గుంజ ఉన్నచోటు ఇదేనని ఆమె నాలుగడుగులు అటూ ఇటూ నడిచి, పాదంతో ఇసకను రాసి ఒకచోట ఆగింది. తల్లిలాగే నిలబడింది. మనవడు ఫోను పట్టుకున్నాడు. తాతమ్మ సముద్రాన్ని అదిలించలేదన్న సంగతి మొదట అతనికి రుచించలేదు, ఉన్న కథ పోయినట్టు మొహం పెట్టాడు. కానీ పొద్దుటి నుంచి, దీపం ఎంత దూరం కనపడేది, వాన పడితే ఎట్టా, తాతమ్మ వంతు ఎన్నాళ్ళకోసారి వచ్చేదని అమ్మమ్మను అడుగుతూనే ఉన్నాడు. చెయ్యి ఇంకాస్త పైకెత్తమన్నాడు, ఎత్తింది. పిడికిలి బిగించమన్నాడు, బిగించింది.

ఫోటో తీసి చూసుకుని, వెనక ఈ పెట్టెలూ లారీ బాలేవు, తీసేస్తానుండండి అని వేలు పెట్టబోయాడు. గబుక్కున ఆ వేలు పట్టుకున్నాను. ఉండనివ్వు నాయనా, నీ మనవలు వీటికోసం వెతుక్కుంటారన్నాను. వాడికేం అర్థమైందో గానీ, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం వరండాలో ఆ రెండు పటాలూ పక్కపక్కన వేలాడాయి. కింద ఏం రాయాలో ఆమే చెప్పింది, నేను రాశాను: మా అమ్మ, దీపం వంతు రోజు. గుంజ ఏదీ లేదన్న పెద్దాయన ఆ పటం ముందు చాలాసేపు నిలబడి, లాంతరు వైపు చూస్తూ, అవును, మా అమ్మకు కూడా వంతు ఉండేదని ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు. వచ్చినవాళ్ళందరూ పాత పటంలో పిడికిలిని చూసి, తాడు వెంట పైకి లాంతరు దాకా చూసి, కొత్త పటంలోకి వచ్చి మళ్ళీ పిడికిలి నుంచి పైకి చూసి ఆగిపోయేవాళ్ళు. తల్లి చెయ్యీ కూతురి చెయ్యీ ఒకేలాగ ఉన్నాయి, బిగింపు కూడా ఒకేలాగ ఉంది. నేను కూడా అందరిలాగే కొత్త పటంలో పిడికిలి పైనున్న ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడ్డాను. పాతదాంట్లో తాడును తుడిచింది నేను, కడిగి తిరిగి ఇవ్వగలిగాను. కొత్తదాంట్లో పోయింది గుంజే, కడగడానికి రంగంటూ ఏమీ లేదు.